కొండకన్నా పెద్ద మంత్రి

మాల్యగిరి రాజుగారి చిన్నకూతురు ఎన్నడూ కోట దాటి ఎరగదు. అడవి ఎలా ఉంటుందని ఆ పిల్ల ఒకటే ప్రశ్నలు వేస్తుంటే, రాజు బొమ్మలు గీసే సింగమ్మను పిలిపించి, అడవి బొమ్మలతో పుస్తకం చేయమన్నాడు.

ఆ సంగతి తెలిసి మంత్రి భైరవయ్య నేరుగా ఆమె ఇంటికి వచ్చాడు.

"ప్రతి బొమ్మలోనూ నేనుండాలి. ఏనుగుకన్నా, కొండకన్నా నేనే పెద్దగా ఉండాలి. కాదన్నావో, ఈ రాజ్యంలో నీకు చోటుండదు!"

సింగమ్మ ఇరుకున పడింది. పిల్ల చూడాలనుకున్నది అడవిని కదా! కాసేపు ఆలోచించి, "మీరు చెప్పినట్టే గీస్తాను దొరా," అంది.

పుస్తకం తయారయ్యాక, నిండు సభలో తండ్రి ఒళ్లో కూర్చుని యువరాణి మొదటి పుట తెరిచింది. కొండ, వాగు, నీళ్లు తాగుతున్న ఏనుగులు. వాటి పక్కనే, కొండను మించిన ఎత్తున ఒక కాలి బొటనవేలు!

"ఇదెవరి వేలు నాన్నా? మిగతా మనిషేడీ?" అంటూ ఆ పిల్ల ఆత్రంగా పుటలు తిప్పింది. అన్నిటిలోనూ వేలే.

"అది నేనే!" అని మంత్రి సింగమ్మపై మండిపడ్డాడు. "ఇదేనా నన్ను గీయడం?"

"కొండకన్నా పెద్దవారు పుటలో ఎలా పడతారు దొరా? వేలు పట్టించడానికే నా తలప్రాణం తోకకొచ్చింది. మనిషంతా కనబడాలంటే ఆవగింజంత గీయాలి మరి."

సభంతా గొల్లుమంది. యువరాణి ఇంకా ఆ గోటినే వేలితో తడిమి చూస్తోంది.

"ఆవగింజంతైనా సరే," అన్నాడు మంత్రి గొంతు తగ్గించి, "కాస్త మొహం కనబడేలా గీయి తల్లీ!"