పంక్తి మధ్యలో లేవకూడదు

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆ రోజు జవాబు చెప్పేవారు కాదు. "సరే, విన్నాను" అని ఊరుకునేవారు. నాలుగు రోజులకో, నెలకో, ఏదో ఒక చిన్న సంగతి జరిగేది. జవాబు అందులో ఉండేది. కనిపించినవాళ్ళకు కనిపించేది, కనిపించనివాళ్ళు ఆయనకు మతిమరుపు వచ్చిందనుకునేవారు. ఆయనకు ఎనభై రెండేళ్ళు కనుక అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

పెద్దాపురంలో ఒక పాత గ్రంథాలయం వెనకగదిలో ఆయన కాపురం. సాయంత్రాలు ఉపనిషత్తులు చెప్పేవారు. వినడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసి విరమించినవాళ్ళే. వాళ్ళలో సోమలింగంగారు ఒకరు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరు. ఆయన సంతలో అడుగుపెడితే చాలు, అడుగున చింతపండు అంటించిన తక్కెడలన్నీ బుట్టల కిందికి దూరేవని చెప్పుకునేవారు. తప్పుడు తూకం ఆయన కంటపడకుండా పోదు. తన తూకం తప్పవచ్చునన్న అనుమానం మాత్రం ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా కలగలేదు.

ఒక సాయంత్రం పాఠం అయ్యాక అందరూ లేచి వెళ్ళిపోయినా ఆయన కదలలేదు.

"గురువుగారూ, సేవ మనస్ఫూర్తిగా చేస్తే ఎదుటివాళ్ళకు సుఖం కలగాలి కదా. నా సేవలో ఏ లోపం ఉందో చెప్పండి" అన్నారు.

విషయం ఇదీ. ఆయన భార్య మాణిక్యాంబగారికి ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. ప్రాణానికి భయం లేదు గానీ వణుకు పోయేది కాదని డాక్టరు చెప్పాడు. నాలుగు నెలల కిందట ఆవిడ చేతిలోంచి పప్పుగిన్నె జారి వంటిల్లంతా పప్పయింది. సోమలింగంగారు పల్లెత్తు మాట అనలేదు. తానే గుడ్డ తీసుకుని నేల తుడిచి, "ఇవాళ్టి నుంచి నువ్వు కూర్చో, నేను చూసుకుంటాను" అన్నారు. అన్నట్టే చూసుకున్నారు. చిన్న కాటా ఒకటి కొని వంటింటి గట్టు మీద పెట్టారు. కందిపప్పు నూటయాభై గ్రాములు, చింతపండు ఇరవై, ఉప్పు ఇంత, మిరియాలు ఇంత అని కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఆవిడకు కాఫీ కుర్చీ దగ్గరికే వచ్చేది. అన్నం కలిపి ఇచ్చేవారు. చీరలు ఆయనే ఆరేసేవారు, మడతలు కూడా అంచుకు అంచు కలిపి పెట్టేవారు. ఆవిడ చీపురు పట్టుకుంటే చీపురు, చెంబు పట్టుకుంటే చెంబు, నవ్వుతూనే చేతిలోంచి తీసుకునేవారు. వీధిలో ఆడవాళ్ళు ఆయన్ని చూపించి తమ మొగుళ్ళను దెప్పేవారు.

అటువంటి మనిషితో ఆవిడ పది రోజుల కిందట, "నన్ను తునిలో మా తమ్ముడింట్లో దింపేయండి" అంది. ఎందుకని అడిగితే, "ఇక్కడ నాకేం పని?" అంది. అక్కడ మాత్రం ఏం పనుందని ఆయన నిలదీశారు. "అక్కడ పని లేకపోతే పరాయిల్లు కదా అనుకుంటాను" అంది. ఆ మాటతో ఆయన మనసు కోసినట్టయింది. ఆదివారం ఉదయం తమ్ముడు కారు తీసుకుని వస్తున్నాడు. పెట్టె సర్దేసింది, దాన్ని వీధిగుమ్మం పక్కన పెట్టేసింది. రోజూ బయటికి వెళ్తూ వస్తూ సోమలింగంగారు దాన్ని దాటుకుని నడవాల్సి వస్తోంది.

ఇదంతా చెప్పి, "నలభై మూడేళ్ళ కాపురం, గురువుగారూ. ఆవిడ లేని ఇల్లు నాకు ఇల్లు కాదు" అన్నారు.

"సరే, విన్నాను" అన్నారు విరూపాక్షయ్యగారు. తరవాత, తనంతట తాను మునుపెన్నడూ అననిది ఒకటి అన్నారు. "శుక్రవారం మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనం చేస్తాను."

ఆయన శిష్యుల ఇళ్ళలో తిని పదేళ్ళు దాటింది. తన గంజి తానే కాచుకుంటారు. సోమలింగంగారు పొంగిపోయారు. ప్రశ్న సంగతి సగం మరిచిపోయారు కూడా.

శుక్రవారం తెల్లవారగానే లేచి తలస్నానం చేసి వంట మొదలుపెట్టారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, కొబ్బరిపచ్చడి, చారు, బూరెలు. ప్రతిదీ కాటా మీదికి ఎక్కి దిగింది. పది గంటలకు మాణిక్యాంబగారు పట్టుచీర కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వడ్డన నేను చేస్తానండీ. గురువుగారు మన ఇంటికి వస్తూంటే..."

"వద్దు మాణిక్యం. వేడి చారు ఆయన మీద ఒలికితే? నువ్వు కూర్చో. భోజనాలయ్యాక వచ్చి దణ్ణం పెట్టుకుందువుగాని."

ఆవిడ వెనక వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. వణికే చేతులు రెండూ ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

గురువుగారు వచ్చారు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. అరిటాకులో పచ్చడీ కూరా బూరెలూ ముందే అమర్చి ఉన్నాయి. విరూపాక్షయ్యగారు ఆకు వంక చూసి, పక్కనున్న ఖాళీ చోటు వంక చూశారు.

"నీ ఆకేదీ?"

"నేను తరవాత తింటానండీ. మీకు వడ్డించాలి కదా."

"నేను ఒంటరిగా తినను. ఆకు వేసుకుని కూర్చో."

గురువుగారి మాట. సోమలింగంగారు ఇంకో ఆకు తెచ్చి వేసుకుని కూర్చున్నారు, ఒక నిమిషంలో లేచి అన్నం తేవచ్చులే అనుకుంటూ. ఆయన సర్దుకుని కూర్చునేదాకా ఆగి గురువుగారు అన్నారు: "పంక్తిలో కూర్చున్నవాడు పెద్దవాడు లేచేదాకా మధ్యలో లేవకూడదు. మీ నాన్నగారు నేర్పే ఉంటారు."

నేర్పారు. చిన్నప్పుడు ఒకసారి పెళ్ళిభోజనంలో మధ్యలో లేచినందుకు వీపు మీద రెండు దెబ్బలు కూడా పడ్డాయి. సోమలింగంగారికి అప్పుడు తెలిసింది తాను ఎక్కడ ఇరుక్కున్నారో. అన్నం లోపలుంది, పప్పు లోపలుంది, తాను పంక్తిలో ఉన్నారు.

విరూపాక్షయ్యగారు వెనక వరండా వైపు తిరిగి, "అమ్మా, ఆకలేస్తోంది తల్లీ" అని పిలిచారు.

గాజుల చప్పుడు, వంటింట్లో మూత తీసిన చప్పుడు. మాణిక్యాంబగారు అన్నంగిన్నెతో వచ్చింది. గరిటె గిన్నె అంచుకు టకటక కొట్టుకుంటోంది. సగం అన్నం ఆకులో పడింది, సగం నేల మీద చెదిరింది. సోమలింగంగారి కుడి మోకాలు దానంతట అది పైకి లేచింది. గురువుగారి ఎడమ చెయ్యి వచ్చి ఆ మోకాలి మీద పడింది. మోకాలు కిందికి దిగింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

పప్పు ఎలాగో వచ్చింది. నెయ్యి ఆకులో కొంత, ఆకు బయట కొంత పడింది. చెదిరిన ప్రతి మెతుకునూ సోమలింగంగారు చూస్తున్నారు. ఒళ్ళంతా లేవమంటోంది. లేవబోయిన ప్రతిసారీ ఆ చెయ్యి బరువెక్కుతోంది. ముసలి చెయ్యి, ఎముకలు తప్ప ఏమీ లేవు. అయినా అయిదు కిలోలకు తక్కువ ఉండదని ఆయనలోని ఇన్‌స్పెక్టరు అంచనా వేశాడు.

చారు దగ్గర జరగకూడదనుకున్నది జరిగింది. గిన్నె ఒరిగి వేడి చారు గురువుగారి పంచె మీద ఒలికింది.

"మాణిక్యం! అక్కడ పెట్టేసి వెళ్ళి కూర్చో!" అని అరిచేశారు సోమలింగంగారు.

ఆవిడ కూర్చోలేదు. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గురువుగారు తడిసిన పంచె కొస దులుపుకున్నారు. అన్నం ముట్టుకోలేదు. మోకాలి మీది చెయ్యి తియ్యలేదు.

"గురువుగారూ, నన్ను వెళ్ళనివ్వండి. ఆవిడ ఏడుస్తోంది."

"నీకెలా తెలుసు?"

"నలభై మూడేళ్ళుగా తెలుసండీ."

"ఈ నాలుగు నెలల సంగతి చెప్పు" అన్నారు విరూపాక్షయ్యగారు.

సోమలింగంగారు చెప్పడానికి నోరు తెరిచారు. ఆవిడ ఈ నాలుగు నెలల్లో ఎప్పుడు ఏడ్చిందో, అసలు ఏడ్చిందో లేదో వెతుక్కున్నారు. తాను చేసిన కాఫీలు గుర్తొచ్చాయి, మడతపెట్టిన చీరలు గుర్తొచ్చాయి. ఆవిడ ముఖం గుర్తు రాలేదు.

వంటింట్లో ఏదో బరువైనది నేల మీద ఈడుస్తున్న చప్పుడైంది. మాణిక్యాంబగారు పీట ఒకటి కాలితో నెట్టుకుంటూ వచ్చింది. దాన్ని రెండాకుల ముందు వేసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, చారు చిన్న గిన్నెలో పోసుకుని, కడుపుకు ఆనించి పట్టుకుని తెచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్న మాట నిజమే. పెదవులు మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి. కొంగు నడుముకు దోపుకుని పీట మీద కూర్చుంది. గిన్నె ఆకు పక్కనే నేల మీద పెట్టింది. మోచెయ్యి మోకాలికి ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, గరిటె ముంచింది.

"కూర్చునే వడ్డిస్తానండీ. గరిటెకు సగమే తీస్తాను, రెండుసార్లు పోస్తాను. ఆలస్యమవుతుంది. ఏమీ అనుకోకండి" అంది గురువుగారితో.

"అనుకోవడానికి నోరు ఖాళీ ఉండాలి కదమ్మా" అని ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

గరిటె వణికింది. చారు వణికింది. కానీ ఆకులోనే పడింది. రెండోసారి కూడా ఆకులోనే పడింది. ఆవిడ పీట పక్కకు జరుపుకుని భర్త ఆకు ముందుకు వచ్చింది. అక్కడా పోసి, చారు రంగు వంక ఒక్క క్షణం చూసి, "ఉప్పు చాలదు" అంది.

"కొలిచి వేశాను" అన్నారు సోమలింగంగారు.

"కొలిచారు, సరే. తరవాత చిక్కగా ఉందని రెండు గ్లాసుల నీళ్ళు పోశారు. వరండాలోంచి వినబడింది. ఆ నీళ్ళకు ఉప్పేదీ?"

ఆయన రుచి చూశారు. చప్పిడి. ముప్పై నాలుగేళ్ళలో ఆయన్ని ఇలా పట్టుకున్నవాడు లేడు. ఆవిడ ఉప్పు జాడీ తెచ్చుకుని, గిన్నెలో ఇంత వేసి కలిపింది. చెయ్యి వణికి కాస్త ఎక్కువే పడింది. మళ్ళీ వడ్డించి ఆయన ముఖంలోకి చూసింది. బాగుందని ఒక అబద్ధం ఆడి ఆవిడను ఊరడిద్దామా అనిపించింది ఆయనకు. లేచి తానే సరిచేద్దామా అని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఇప్పుడు ఎక్కువైంది మాణిక్యం" అన్నారు.

"అయితే ఇంకాస్త అన్నం కలుపుకోండి" అని ఆవిడ నవ్వి, అన్నం వడ్డించింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో సోమలింగంగారికి లెక్క తెలియలేదు. తల దించుకుని ఆ ఉప్పటి చారన్నం మెతుకు మిగలకుండా తిన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగితే మిరియాలు ఘాటుగా ఉన్నాయని ఎవరూ అడక్కుండానే చెప్పుకున్నారు.

భోజనాలు అయ్యేసరికి గంటన్నర పట్టింది. పెరుగు దాకా అన్నీ ఆవిడే వడ్డించింది. నేల మీద మెతుకులు, నెయ్యి, చారు మరకలు. దణ్ణం పెట్టడానికి వచ్చిన ఆవిడను విరూపాక్షయ్యగారు అడిగారు.

"ఆదివారం మళ్ళీ వస్తే అన్నం పెడతావా తల్లీ?"

మాణిక్యాంబగారు గుమ్మం పక్కనున్న పెట్టె వైపు చూసింది. తరవాత భర్త వైపు చూసింది. ఆయన ఆవిడ వంతుకు అడ్డం రాకుండా ఉండడం ఆ పూటే నేర్చుకున్నారు కనుక, పళ్ళు బిగించుకుని నిలబడ్డారు.

"పెడతానండీ. తమ్ముడు కూడా వస్తాడు, వాడూ తిని వెళ్తాడు. కానీ వంట నాది. ఈయన కూరలు తరగచ్చు, బరువులు దింపచ్చు. నేను పిలిస్తేనే వంటింట్లోకి రావాలి. ఆ గోడ మీది కాగితం ఇవాళే చింపేస్తాను."

"చింపెయ్" అన్నారు సోమలింగంగారు.

గురువుగారిని దిగబెట్టడానికి ఆయన కూడా వీధిలోకి నడిచారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక ఇంట్లో గిన్నె ఏదో పెద్ద చప్పుడుతో కిందపడింది. సోమలింగంగారి కాళ్ళు ఠక్కున ఆగి వెనక్కి తిరిగాయి. ఒక అడుగు కూడా వేశాయి. అక్కడ ఆగిపోయారాయన. మళ్ళీ ఇటు తిరిగి గురువుగారిని కలుసుకున్నారు.

విరూపాక్షయ్యగారు ఎడమ మణికట్టు కుడిచేత్తో నొక్కుకుంటున్నారు.

"చెయ్యి పీకేస్తోందయ్యా" అన్నారు. "రేపటి నుంచి నీ మోకాలు నువ్వే పట్టుకోవాలి."