తక్కెడ తట్టలో కూర్చున్న పేరిందేవి

అనగా అనగా, మన తాతల తాతలు కూడా ఎరగని కాలాన, కడలి ఒడ్డున గవ్వలపట్నమనే ఊరుండేది. ఆ ఊళ్ళో బట్టలకు రంగులద్దే పేరిందేవి అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు మోచేతుల దాకా నీలిరంగే. ఎంత తోమినా పోయేది కాదు.

ఆ ఏడు పేరిందేవికి కాలం కలిసిరాలేదు. రంగు కాచే మట్టిబానలు ఒకదాని వెనక ఒకటి మూడు పగిలాయి. పగిలినప్పుడల్లా బానెడు రంగు నేలపాలైంది. ఇంతలో గంగమ్మ జాతర దగ్గర పడింది. పల్లెకారుల పేట ఆడవాళ్ళు నలభై తెల్లచీరలు తెచ్చి, "నీలం అద్ది పెట్టు పేరమ్మా, జాతరకు అందరం ఒకే రంగు కట్టుకుంటాం" అని అప్పగించి వెళ్ళారు. ఇంట్లో మిగిలింది ఒక్క బాన. అదీ బీట తీసింది.

అలాంటి రోజుల్లో బజారు పెద్ద విశాలదత్తుడు ఊళ్ళో టముకు వేయించాడు.

"వినండహో! ఈ పున్నమి నుంచి వచ్చే పున్నమి దాకా మన బజారులో నూరు రూకల సరుకు కొన్నవారికి నడుమెత్తు రాగికాగు బహుమానం! పది రూకలకొక లక్కబొట్టు. పది బొట్లు పడిన తాటాకు తెచ్చి చూపితే మహారాణి స్వహస్తాలతో కాగు ఇస్తారు. కొన్న సరుకు తిరిగిస్తే ఆ బొట్లు గీకేస్తాం. పున్నమి నాడు సాయంత్రం నగారా మోగాక కొన్నది లెక్కకు రాదహో!"

రాగికాగు! అది పగలదు, కారదు. పేరిందేవి గుండె ఎగిరి గంతేసింది. ఏడాదికి సరిపడా సరుకు ఎలాగూ కొనాలి, ఈ నెలలోనే కొనేద్దాం అనుకుంది. కూడబెట్టిన సొమ్మంతా తీసి, పటిక, కరక్కాయ, ఎరుపు రంగుకు చిరివేరు, అద్దకానికి ముతక గాడాగుడ్డ కొన్నది. చివరికి విశాలదత్తుడి కొట్లోనే ముప్ఫై రూకలకు నీలిమందు మూట కొన్నది. తాటాకు మీద పది బొట్లూ నిండాయి. ఎర్రగా, ముచ్చటగా మెరిశాయి.

పున్నమి ఇంక రెండు రోజులుందనగా నీలిమందు మూట విప్పింది. పై వరస బిళ్ళలు నిగనిగలాడుతున్నాయి. కింది వరస బిళ్ళ ఒకటి నీళ్ళలో వేసింది. నీలం తేలలేదు. బూడిద తేలింది, అడుగున బంకమట్టి దిగింది. ఇంకొకటి వేసింది. అదీ అంతే. మూడోది వేసింది. అదీ అంతే.

ఆమె మగడు కామయ్య తల పట్టుకున్నాడు. "పేరీ, నోరు మెదపకు. ఇప్పుడు మూట తిరిగిచ్చావంటే మూడు బొట్లు పోతాయి. బొట్లు పోతే కాగు పోతుంది. ముందు కాగు ఇంటికి రానీ. ఆ మట్టిలోనే కాస్త మంచి మందు కలిపి చీరలు ముంచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"మొదటి ఉతుకుకే తెలుస్తుంది మావా," అంది పేరిందేవి. "జాతరలో నలభై మంది ఒంటి మీద నీలం కారుతుంటే, వాళ్ళు విశాలదత్తుణ్ణి అడగరు. నన్నడుగుతారు. దొంగ మందుతో వచ్చిన కాగులో నేను రంగు కాయను."

మూట నెత్తిన పెట్టుకుని బజారుకు నడిచింది.

విశాలదత్తుడు మూట చూశాడు. ఒక్క మాట కూడా వాదించలేదు. "అయ్యో, అలాగా!" అని మూట లోపల పెట్టించి, తాటాకు అందుకుని, చురకత్తితో మూడు బొట్లూ గీకేశాడు.

పేరిందేవి ప్రాణం చివుక్కుమంది. అయినా, "తిరిగిచ్చిన సరుకుకు బొట్టెందుకు? గీకడం న్యాయమే," అంది. "మరి నా ముప్ఫై రూకలు?"

"రేపు రా," అన్నాడు విశాలదత్తుడు.

రెండో రోజు వెళ్ళింది. "పెట్టె తాళం మా గుమస్తా దగ్గరుంది. వాడు రేవుకు వెళ్ళాడు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఎందుకమ్మా ఈ తిరుగుడు? ఆ మూటే మళ్ళీ తీసుకుపో. మూడు బొట్లూ నా చేత్తో అద్దుతాను. కాగు నీదే. మందు సంగతి నీకూ నాకూ మధ్య ఉండిపోతుంది," అన్నాడు.

పేరిందేవికి ఒళ్ళు మండింది. "నా నోటికి లక్క వేస్తున్నారా అయ్యా? ఆ మూట నా గడప తొక్కదు. నా రూకలివ్వండి, మంచి మందు కొనుక్కుంటాను."

"అయితే రేపు రా," అన్నాడతను.

మూడో రోజు పున్నమి. పొద్దున వెళితే మధ్యాహ్నం రమ్మన్నాడు. మధ్యాహ్నం వెళితే, "పండుగ హడావుడి కనబడటం లేదూ? నగారా మోగాక తాపీగా వచ్చి తీసుకో. నీ సొమ్ము ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

అప్పుడర్థమైంది పేరిందేవికి. సొమ్ము పోదు, గడువు పోతుంది. చేతిలో రూకలు లేనిదే మళ్ళీ కొనడం కుదరదు. కొననిదే బొట్లు రావు. మందు గుట్టు కడుపులో దాచుకోనన్నందుకు ఇది శిక్ష.

సరిగ్గా ఆ సమయానికే నావల యజమాని శంఖపాలుడు పల్లకీ దిగాడు. వెనకనే కూలీలు పట్టుబట్టల మూటలు మోసుకొచ్చారు. "ఇవి వద్దులే దత్తా, తీసుకో," అన్నాడు. విశాలదత్తుడు అప్పటికప్పుడు పెట్టె తెరిచి నూరు రూకలు లెక్కపెట్టి ఇచ్చాడు. తాళం అతని మొలలోనే ఉంది! శంఖపాలుడి తాటాకు మీద పది బొట్లూ అలాగే మెరుస్తున్నాయి. వాటిని ఎవరూ గీకలేదు. "సాయంత్రం కాగు పంపించు. మా ఆవులకు కుడితి పోయడానికి బాగుంటుంది," అని అతను నవ్వాడు.

పేరిందేవి చరచరా బజారు నడిబొడ్డుకు వెళ్ళింది. అక్కడ ఊరుమ్మడి తక్కెడ ఉంది. బస్తాల సరుకంతా దాని మీద తూగవలసిందే. ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఆ తక్కెడ తట్టలో ఎక్కి కూర్చుంది. గొలుసులు గలగలమన్నాయి. బజారులో తూకం ఆగిపోయింది.

భటుడు పరుగెత్తుకొచ్చాడు. "దిగు! ఇది సరుకు తూచే తట్ట!"

"నేనూ తూకానికే వచ్చాను. నా న్యాయం తూగేదాకా దిగను."

విశాలదత్తుడు వచ్చాడు. "దిగవే! లేకపోతే ఈ బజారులో నీకు చిటికెడు పటిక కూడా పుట్టదు!"

అది ఉత్త బెదిరింపు కాదని పేరిందేవికి తెలుసు. అన్నంత పనీ చేయగలడు. అయినా గొలుసు గట్టిగా పట్టుకుంది. "పుట్టకపోతే పొరుగూరు నడిచి తెచ్చుకుంటాను. దిగను."

కామయ్య వచ్చాడు. దిగమనడానికే వచ్చాడు. కానీ ఆమె మొహం చూసి తట్ట పక్కన నిలబడ్డాడు.

ఇంతలో పొద్దు వాలే వేళకు మహారాణి మల్లాంబిక బహుమానాలివ్వడానికి రానే వచ్చింది. తట్టలో మనిషిని చూసి పల్లకీ ఆపించింది. "ఎవరమ్మా నువ్వు? ఏమిటీ పంతం?"

పేరిందేవి జరిగిందంతా చెప్పింది. విశాలదత్తుడు చేతులు జోడించి, "మహారాణీ, కట్టుబాటు కట్టుబాటే గదా. సరుకు తిరిగిచ్చింది, బొట్లు పోయాయి. ఏడు బొట్లకు కాగెలా ఇస్తాం?" అన్నాడు.

"నిజమే గదా తల్లీ," అంది రాణి. "ఏడు బొట్లకు కాగు ఇవ్వమంటావా?"

"అననమ్మా. ఏడంటే ఏడే. నేను అడిగేది కాగు కాదు," అంది పేరిందేవి. "కొనుగోలంటే రెండు కొసల ముడి. ఒక కొస సరుకు, ఒక కొస సొమ్ము. విప్పితే రెండూ విప్పాలి. వీరు సరుకు తీసుకుని నా బొట్లు గీకారు, సొమ్ము మాత్రం బిగబట్టారు. ఆ శంఖపాలుడుగారికేమో సొమ్మిచ్చేశారు, బొట్లు ఉంచేశారు. నాకో తూకం, ఆయనకో తూకమా? ఇది తక్కెడేనా, మరేదైనానా?"



రాణి, "ఆ నీలిమందు మూట తెండి," అంది. తెచ్చారు. నీళ్ళలో వేయించి చూసింది. బూడిద తేలింది. శంఖపాలుణ్ణి తాటాకుతో సహా రప్పించింది. పది బొట్లూ చెక్కు చెదరలేదు.

"చురకత్తి ఇటివ్వు," అని ఆ పది బొట్లూ తానే గీకేసింది. శంఖపాలుడు పల్లకీ తలుపు మూసుకున్నాడు. "విశాలదత్తా, ఈమె ముప్ఫై రూకలు ఇప్పుడే, ఇక్కడే ఇవ్వు. కల్తీ సరుకు అమ్మిన చెయ్యి ఈ తక్కెడ ముట్టరాదు. రేపటి నుంచి బజారుకు వేరే పెద్దను ఎన్నుకోండి."

పేరిందేవి రూకలు అందుకుంది.

"నగారా కాసేపు ఆపించనా తల్లీ?" అని అడిగింది రాణి.

"వద్దమ్మా. గడువు అందరికీ ఒకటే," అని తట్టలోంచి దూకింది పేరిందేవి.

బజారు కొసన తాయమ్మ అనే ముసలామెకు చిన్న నీలిమందు అంగడి ఉంది. పేరిందేవి అక్కడికి పరుగెత్తింది. నగారావాడు కర్ర ఎత్తబోతున్నా ఆమె తొందరపడలేదు. బిళ్ళ ఒకటి నీళ్ళలో వేసి చూసింది. నీలం పొగలా విచ్చుకుంది. "ముప్ఫై రూకలకు తూచు అవ్వా!"

తాయమ్మ తూచింది. ఒక బొట్టు, రెండు బొట్లు, మూడో బొట్టు. లక్క ఇంకా ఆరనేలేదు, నగారా ధణధణమని మోగింది.

పేరిందేవి ఆ తాటాకు పట్టుకుని తల ఎత్తి నడిచి వచ్చింది. రాణి తన చేతులతో రాగికాగు ఇచ్చింది. మొగుడూ పెళ్ళాలు కాగు చెవులు చెరొకటి పట్టుకుని దాన్ని ఇంటికి మోసుకెళ్ళారు. ఆ ఏడు జాతరలో నలభై చీరలు తడిసినా ఒక్క చుక్క నీలం కారలేదు.

కాబట్టి పిల్లలూ, తిరిగిచ్చేసిన సరుకుకు బహుమానం ఆశించకూడదు. రావలసిన సొమ్మును మాత్రం ఎంతటివాడు బిగబట్టినా వదలకూడదు. న్యాయమైన నష్టానికి తల వంచినవాడే అన్యాయానికి తల ఎత్తి నిలబడగలడు.