తాటిబెల్లం పొట్లం

చెంగల్రాయుడు గారిని ఏదైనా అడిగి, అప్పటికప్పుడు జవాబు రాబట్టిన మనిషి శ్రీకాళహస్తిలో లేడు. కలంకారీ నేర్పడంలో ఆయనకు మంచి పేరు. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం మహా పిసినారి. అడిగిందంతా విని, తల పంకించి, ఏదో ఒక పని పురమాయిస్తారు. అడిగినవాళ్ళు ఉసూరుమంటూ ఆ పని చూసుకుంటారు.

ఆయన శిష్యురాలు ఇంద్రాణి ఒకరోజు పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చుంది. వాళ్ళక్క సుగుణకు తొమ్మిదో నెల. తల్లి పోయాక ఇంద్రాణిని పెంచింది ఆ అక్కే. తన చదువు మానుకుని, జాకెట్లు కుట్టి, చెల్లెల్ని ఈ విద్యకు పంపింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆమె కడుపు పండింది. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఇప్పుడు నోరు తెరిచి ఒక్కటే అడిగింది: బిడ్డను తొట్లో వేసే రోజున, తొట్టి మీద చెల్లెలు తన చేత్తో బొమ్మలు వేసిన గుడ్డ కట్టాలని. ఇంద్రాణి ఎవరి సాయమూ లేకుండా చేయబోయే మొదటి గుడ్డ కూడా అదే.

"గురువుగారూ, ఇంత పనికి మొదలెక్కడో చెప్పండి," అంది.

ఆయన అంతా విని తల పంకించారు. "అంగడికెళ్ళి తాటిబెల్లం పట్టుకురా పాపా," అన్నారు.

ఇంద్రాణికి మనసు చివుక్కుమంది. పైగా ఆయనకు షుగరు. ఆయన భార్య, అమ్మగారు, తీపి వస్తువును ఆయన కంట పడనివ్వరు. ముసలాయనకు బెల్లం మీద మనసయింది, నన్ను దొంగను చేస్తున్నారు అనుకుంది. అనుకుంటూనే తెచ్చి, అమ్మగారు చూడకుండా పొట్లం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పైపంచె కింద దాచుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఇక ఈయన్ని నమ్ముకుంటే అయినట్టే అనుకుని, తనే కూర్చుని పని మొత్తాన్ని ముక్కలు చేసుకుంది. గుడ్డ ఉడకబెట్టడం, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టడం, ఎండబెట్టడం, బొగ్గుతో బొమ్మ వేయడం, దాని మీద నల్లగీత, తర్వాత రంగులు, ఉతుకు. ఏది అయితే గానీ ఏది మొదలవదో ఆలోచించుకుంది. మబ్బు పడితే గుడ్డ ఎండదని, దానికీ కొన్ని రోజులు విడిగా ఉంచుకుంది. నిజం చెప్పొద్దూ, ముచ్చటైన ఏర్పాటు. తోటి శిష్యులే మెచ్చుకున్నారు.

నెల తిరిగేసరికి సుగుణకు ఆడపిల్ల పుట్టింది, అనుకున్నదానికంటే కాస్త ముందే. ఇంద్రాణి కంగారు పడలేదు. అప్పటికే గుడ్డ మీద బొగ్గు చిలకలు మామిడి కొమ్మలెక్కి కూర్చున్నాయి. వెదురు కలం పట్టుకుని, మూలనున్న కసిం కుండ దగ్గరికి వెళ్ళి మూత తీసింది. అడుగున తడి కూడా లేదు.

కసిం అంటే నల్లగీతకు వాడే నీళ్ళు. గురువుగారి ఇంట్లో అది ఎప్పుడూ ఉండేది. ఎవరు చేస్తున్నారో, ఎప్పుడు చేస్తున్నారో ఇంద్రాణి ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ముంచుకోవడం ఒక్కటే తెలుసు. ఉన్నదంతా గుడి తెరల పనికి అయిపోయిందని పెద్ద శిష్యుడు మునస్వామి చెప్పాడు. కొత్తది చేయాలంటే బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వేసి మూతపెట్టాలట, మూడు వారాలైనా ఊరాలట. పిల్లను తొట్లో వేసేది వచ్చే వారమే. నల్లగీత పడందే ఒక్క రంగూ పడదు.

ఇంద్రాణి కుండ పక్కనే చతికిలబడింది. మబ్బుల గురించి కూడా ఆలోచించినదాన్ని దీన్నెలా మరిచాననుకుంది. అక్కకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? లేచి గురువుగారి దగ్గరికి వెళ్ళి, ఆయన ముందు దాచుకోకుండా ఏడ్చేసింది.

"అదీ ఒక పనేనని నాకు తోచలేదు గురువుగారూ. ఎప్పుడూ ఉండేదిగా."

ఆయన మెల్లగా లేచి, రమ్మని సైగ చేసి పెరట్లోకి నడిచారు. గోడ వారన గోనెసంచి కప్పిన కుండ ఒకటి ఉంది. వంగలేక వంగి, మూతికి కట్టిన గుడ్డ విప్పారు. పాత మేకులు, విరిగిన లాడాలు, పైన నురగ, గుప్పుమని పులిసిన తాటిబెల్లం వాసన.

ఇంద్రాణి తన బొమ్మల గుడ్డ తెచ్చి, కలం ముంచి, దాని అంచున ఒక చిన్న గీత గీసింది. మొదట పలచటి టీ నీళ్ళలా కనిపించింది. చూస్తుండగానే నల్లగా, నిండుగా తేలింది. ఆమెకు దుఃఖమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ బెల్లం ఆయన తినేశారనుకున్నానని, ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్నానని చెప్పి చెంపలేసుకుంది.

చెంగల్రాయుడు గారు కుండకు మళ్ళీ గుడ్డ కట్టి, ఆమె తలమీద చెయ్యి వేశారు.

"నువ్వడిగిన రోజే జవాబు చెప్పాను తల్లీ," అన్నారు. "పులవడానికి ఇన్నాళ్ళు పట్టింది."