మంచుకు నౌజా ఇచ్చిన పిలుపు

ఒకప్పుడు ఉత్తరాన సముద్రం మీద పేరుకునే మంచుపలకకు నోరు లేదు. గట్టిపడినా, పల్చబడినా, విరిగినా సరే, బెల్లం కొట్టిన రాయిలా పడి ఉండేది.

ఆ ఒడ్డున నౌజా అనే ఇన్యూట్ తెగ ఆవిడ ఉండేది. ఆమె భర్త తులుగాక్ సీల్ జంతువుల వేటకు వెళ్లేవాడు. అడుగు వేసేముందు పలకను కర్రతో పొడిచి చూడాలి, అదీ వాళ్ల పద్ధతి. ఒకనాడు ఇంటికి వచ్చే తొందరలో అతను పొడవలేదు. కొత్తగా కురిసిన మంచు తెల్లగా కప్పేసరికి గట్టిదే అనుకున్నాడు. చప్పుడైనా చేయకుండా పలక విరిగి, అతన్ని మోసుకుని సముద్రంలోకి కొట్టుకుపోయింది.

వేట నుంచి వచ్చే భర్తకు దారి తెలియాలని నౌజా "ఊ...య్" అని పిలిచేది. అతను పోయాక కూడా రోజూ వచ్చి పిలిచేది. ఇంకొక్కసారి పిలిస్తే వచ్చేస్తాడేమో అనిపించేది పాపం.

కూతురు పానిక్ పెద్దదయింది. "అమ్మా, మాంసం అయిపోయింది. రేపు నేను వెళ్తా" అంది.

"అడుగడుగునా పొడుస్తావా?"

"పొడుస్తానమ్మా!"

"మీ నాన్న కూడా పొడిచేవాడే తల్లీ."

నౌజా తిన్నగా మంచు దగ్గరికి పోయింది. "ఎప్పుడు విరుగుతావో నీకు తెలుసుగా! ఒక్క మాట చెబితే నీకేం పోయింది?" అని నిలదీసింది. అది ఉలకలేదు, పలకలేదు.

వాగుడుకాయ గాలి ఊరుకుంటుందా? "దాన్ని తిట్టకమ్మా! ఆ రోజు కూడా చెప్పాలని గింజుకుంది. గొంతేదీ?" అంది.

"నాది ఇస్తాను."

"నీ పిలుపు ఒక్కటే దానికి పట్టుబడుతుంది. ఇచ్చావంటే ఇక అతన్ని పిలవలేవు. ఆలోచించుకో."

భర్త తాలూకు ఆమెకు మిగిలింది ఆ పిలుపే. నౌజా చాలాసేపు నీళ్లకేసి చూసింది. తర్వాత వంగి, మంచుకు నోరు ఆనించి, చివరిసారి పిలిచింది.

మర్నాడు పానిక్ కర్ర ఎత్తేలోపే కాళ్లకింద "ఊ...య్" అని వినబడింది. అమ్మ పిలుపు! వెనక్కి పరుగెత్తింది. ఆమె వెనకే పలక విరిగిపోయింది.

"పిలిచావా అమ్మా?"

"నేను కాదు తల్లీ" అంది నౌజా, కూతుర్ని గట్టిగా పట్టుకుని.

అప్పటినుంచే సముద్రపు మంచు విరిగేముందు మూలుగుతుంది. కర్రతో పొడిచే వేటగాళ్లూ, మంచు కిందికి యంత్రాలు దించి వినే శాస్త్రవేత్తలూ అది వినగానే ఆగిపోతారు. దాని మీద ఎవరూ లేనప్పుడు కూడా మూలుగుతూనే ఉంటుంది. అప్పుడు మాత్రం అది తులుగాక్‌ని పిలుస్తున్నట్టు.