ఉమ్మెత్తకాయల దండ

అనగనగా ఒక అడవి. వినండర్రా, ఆ అడవిలో ఒక వెటకారపు పండగ ఉండేది. వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం అందరూ చేరి చచ్చు పద్యాలు చదువుకునేవారు. ఎంత చచ్చుగా ఉంటే అంత గట్టిగా "వన్స్ మోర్!" అని అరిచేవారు. అన్నిటికన్నా చచ్చు పద్యానికి ఉమ్మెత్తకాయల దండ వేసేవారు. తెలిసి రాసుకొచ్చినవాళ్ళకి అది సరదాయే. అందులో తప్పేం లేదు.

ఆ ఏడు నక్క కుందేలుని పిలిచింది.

"కిందటేడు పద్యాలు బొత్తిగా బాగున్నాయి. నవ్వే రాలేదు. నిజంగా చచ్చు పద్యం ఒకటి పట్టుకురా. నిన్ను ముందు వరసలో నా పక్కన కూర్చోబెడతా," అంది.

కుందేలు ముందు వరసలో ఎప్పుడూ కూర్చోలేదు. దానికి వెంటనే తీతువు పిట్ట గుర్తొచ్చింది.

తీతువు ఏటి ఒడ్డున గులకరాళ్ళ మధ్య ఉండేది. కుందేలుకి పొరుగు. పిల్లల్ని ఎత్తుకుపోయే జంగుపిల్లి వస్తే చాలు, కీచుమని అరిచి కుందేలు పిల్లల్ని బొరియలోకి తోలేది. ఆ వానల్లో ఏరు పొంగి తీతువు గుడ్లు మూడూ కొట్టుకుపోయాయి. ఆ దుఃఖంలో అది ఒక పద్యం అల్లుకుంది. కుందేలు ఒక్కదానికే వినిపించింది. అప్పుడు కుందేలు కూడా ఏడ్చింది. అవును, ఏడ్చింది.

"వదినా, సాయంత్రం పద్యాల సభ ఉంది. నీ పద్యం చదువు," అంది కుందేలు. ఎలాంటి పద్యాల సభో మాత్రం చెప్పలేదు.

"నా గొంతు బాగోదు కదా వదినా?"

"గొంతుదేముంది, నేనున్నాగా!"

సాయంత్రం సభలో తీతువు బండరాయి ఎక్కి చదివింది.

"రాయిలాంటి గుడ్డు ఒకటి,
రాయిలాంటి గుడ్డు రెండు,
రాయిలాంటి గుడ్డు మూడు,
ఏరు వచ్చింది, రాళ్ళే మిగిలాయి."

"ఇది పద్యమా, ఎక్కమా!" అని కోతి పడీ పడీ నవ్వింది. "వన్స్ మోర్!" అని అందరూ అరిచారు.

పాపం, తీతువు తన గుడ్ల మీద జాలితోనే అడుగుతున్నారనుకుంది. రెండోసారి ఇంకా గట్టిగా చదివింది. మూడోసారి మూడో గుడ్డు దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఇంకా నవ్వారు. తీతువు కుందేలు వైపు చూసింది. నక్క కూడా కుందేలు వైపే చూసింది. కుందేలు నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది. ఛీ!

నక్క వచ్చి దండ వేసింది. తీతువు మెడకి ముళ్ళు గుచ్చుకున్నాయి. అది దండ తీసి కుందేలు ముందు పెట్టింది.

"నీ దగ్గర ఏడ్చాను వదినా," అంది. ఏరు దాటి ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు.

వేసవిలో జంగుపిల్లి వచ్చింది. అరిచేవాళ్ళు లేరు. కుందేలు మేత నుంచి వచ్చేసరికి పిల్లలు మూడూ లేవు. జంతువులన్నీ చేరాయి. కుందేలు గుండెలు బాదుకుంది.

"ఒక పిల్ల తెల్లది, ఒక పిల్ల బూడిదది, ఒక పిల్ల..."

"ఆగాగు!" అంది నక్క. "ఇప్పుడే చదివెయ్యకు. వానలు వెనకబట్టాక చదువుదువుగాని."

అందరూ నవ్వారు. కుందేలు ఏటి అవతలికి చూసింది. అక్కడ గులకరాళ్ళు తప్ప ఏమీ లేవు.

నీతి: నమ్మి నీ దగ్గర ఏడ్చినవాళ్ళ ఏడుపుని నలుగురి నవ్వుకి అప్పజెప్పకు. నీకు ఏడుపొచ్చిన రోజున నీ చుట్టూ ఆ నలుగురే మిగులుతారు.