తెర ఎత్తి అడిగిన నాంచారవ్వ

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. కోట గోడ రాళ్లింకా పచ్చిగా ఉన్న కాలంలో ఒక నగరం. ఆ నగరానికి తూర్పు దర్వాజా. ఆ దర్వాజాకు నాంచారవ్వ అనే కావలి మనిషి.

అక్కడ మగ కావలివాళ్లు పాతికమంది ఉండేవాళ్లు. మేనాలో ఆడవాళ్లుంటే తెర తాకడం మగవాళ్లకు మర్యాద కాదు. తెర వెనక నోట్లో గుడ్డలు కుక్కడం మాత్రం మర్యాదే. అందుకని తెర ఎత్తే పని నాంచారవ్వది. వెదురు కర్రతో మేనాను మూడుసార్లు కొట్టేది. టక్, టక్, టక్. తెర ఎత్తి మూడు మాటలు అడిగేది. "ఎవరింటి బిడ్డవు? ఎక్కడికి పోతున్నావు? ఇష్టపడే పోతున్నావా?" జవాబు లోపలినుంచే రావాలి. బయటివాళ్ల జవాబు చెల్లదు.

ఒక మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ల కింద నక్కిన వేళ, సాలెవాళ్ల బాలమణి ఒక మేనాలో కళ్లు తెరిచింది. ఏటికి నీళ్లకు పోయిన పిల్ల. ఇప్పుడు చేతులకు తాళ్లు, నోట్లో గుడ్డ. ఆమెను ఎత్తుకుపోతున్నవాడు దివాను తమ్ముడు. దర్వాజా దగ్గర బోయీలు మేనా దించారు.

టక్, టక్, టక్.

"పెళ్లికూతురే ముసలీ. సిగ్గుతో మాట్లాడదు," అన్నాడు దివాను తమ్ముడు.

"సిగ్గు మూలగడం నేనెప్పుడూ వినలేదు దొరా," అంది నాంచారవ్వ.

తెర లేచింది. ముడతలు పడ్డ చెయ్యి లోపలికొచ్చి గుడ్డ లాగేసింది. "ఎవరింటి బిడ్డవు? ఎక్కడికి..."

దివాను తమ్ముడి బల్లెం ఆమె వీపులో దిగింది. నాంచారవ్వ గడప మీద పడింది. మగ కావలివాళ్లు పాతికమందీ తలుపులు బార్లా తెరిచారు.

"ఇక జవాబు ఎవరికి చెప్తావే?" అని నవ్వాడు వాడు.

బోయీలు మేనా ఎత్తబోయారు. లేవలేదు.

టక్, టక్, టక్. కర్ర చచ్చిన మనిషి చేతిలోనే ఉంది. తెర బయట గొంతు మాత్రం అడిగింది. "ఎవరింటి బిడ్డవు?" బాలమణికి నోరు పెగల్లేదు.

మళ్లీ ఎత్తారు. లేవలేదు. టక్, టక్, టక్. "ఎక్కడికి పోతున్నావు?" నోరు పెగల్లేదు.

మూడోసారీ ఎత్తారు. లేవలేదు. టక్, టక్, టక్. ఈసారి గొంతు బయటినుంచి రాలేదు. బాలమణి పక్కనుంచే వచ్చింది. చల్లని వేళ్లు ఆమె చేతుల తాళ్లు విప్పుతున్నాయి.

"ఇష్టపడే పోతున్నావా?"

"లేదు," అంది బాలమణి. "నన్ను ఎత్తుకుపోతున్నారు."

పెళ్లికూతురనుకుని మోసిన బోయీలు ఆ మాట విన్నారు. మేనాను సాలెవాడ వైపు తిప్పారు. దూదిలా లేచింది.

దివాను తమ్ముడు పారిపోదామని గుర్రమెక్కి దర్వాజాలోకి ఉరికాడు. లోపల మూడుసార్లు చప్పుడైంది. అవతలి గుమ్మంలోంచి గుర్రం ఒక్కటే బయటికొచ్చింది. వాడు గడప దాటడం చూసినవాళ్లు లేరు. వెనక్కి రావడం చూసినవాళ్లూ లేరు.

ఇప్పుడు ఆ గోడ లేదు. దర్వాజా ఉన్నచోట బస్సులు తిరుగుతున్నాయి. అయినా పెళ్లికూతురి కారు అక్కడ ఆగాల్సిందే. ఠాణాలోని ఆడ కానిస్టేబులొచ్చి లాఠీతో తలుపు మీద మూడుసార్లు తడుతుంది.

"ఇష్టపడే పోతున్నావా తల్లీ?"

పెళ్లికొడుకు నోరు తెరిస్తే, "నిన్నడగలేదు నాయనా," అంటారు చుట్టూ చేరిన ఆడవాళ్లు.

లోపలినుంచి ఆమె జవాబు వచ్చేదాకా వెనక బస్సులు కూడా హారన్ కొట్టవు.