సుంకం కట్టిన సరుకు

కాళ్లు పడిపోయినా, చాపలల్లే అచ్చియ్యమ్మకి పొరుగు రాజ్యం వెళ్లి, అక్కడి కొండెక్కి సముద్రం చూడాలని ఒకటే ఆశ. చక్రాల పీట మీద దొర్లుకుంటూ ఆ రాజ్యపు కోటగుమ్మం చేరింది.

"నడిచొచ్చేవాళ్లకి ఊరికే. బండికి సుంకం," అన్నాడు సుంకరి భైరప్ప.

"ఇది బండి కాదయ్యా, నా కాళ్లు."

"చక్రాలుంటే బండే. నువ్వు అందులో సరుకువి. రెండు వరహాలు తియ్యి."

అడిగిన రెండూ కట్టి, అతనిచ్చిన చీటీ కొంగున ముడేసుకుంది. సుంకం కట్టిన సరుకుని చెప్పినచోట దింపే పూచీ సుంకరిదేనని ఆ రాజ్యంలో చట్టం.

"మరి ఈ సరుకుని కొండమీద దింపు. మూడొందల మెట్లేనట."

నూరో మెట్టు దగ్గర, ఆమెని వీపున మోస్తున్న భైరప్పకి రొప్పొచ్చింది. "అమ్మా, నువ్వు మనిషివే. సుంకం తిరిగిచ్చేస్తాను, దిగు తల్లీ."

"పైన ఇద్దువు గాని. సరుకు దారిలో బేరాలాడదు నాయనా, నడు."